భంగుకు మాఫీ, గంజాయికి పదేళ్లు

గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని నగర మేధావులు చర్చిస్తున్నారు. జహీరాబాద్ పక్కన చిరాగ్‌పల్లి కాడ ఆ చర్చ వేరుగా కనబడుతది. విశాఖ మన్యం నుంచి మహారాష్ట్రకు పోయే సరుకు కర్ణాటక సరిహద్దున ఇక్కడ పట్టుబడుతది. దొరికేది డ్రైవరు, మోసే కూలి. పెట్టుబడి పెట్టినోడు దొరికేది అరుదు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం శిక్ష వేయడానికి బరువు చూస్తది. సరుకు ఎవనిదో తర్వాతి మాట. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకుడు మహా కష్టం. అదే చట్టం పూత కొసలు లేని ఆకును గంజాయి లెక్కలోంచి తీసేసింది. అందుకే హోలీ భంగు ఆచారమైంది (ఎవరి ఆచారమో చెప్పాల్నా?).

అట్లని అన్నీ చట్టబద్ధం చేస్తే మేలా? సారాకు లైసెన్సు ఉన్నప్పుడు కాంట్రాక్టర్లు బాగుపడ్డరు, వాడలు కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచింది అందుకే. 1995లో వచ్చిన నిషేధాన్ని 1997లో సడలించింది ఖజానా కోసమే. లైసెన్సు ఎవరి చేతికి, జైలు ఎవరికి అన్నది తేల్చకుండా జరిగే చర్చలో మన కూలోడి ఊసే లేదు.