ఏడ్చే పిల్లకి చోటు లేని బడి

ఎనిడ్ బ్లైటన్ అనగానే మనలో ఎక్కువమందికి ఫేమస్ ఫైవ్, సీక్రెట్ సెవెన్ గుర్తొస్తాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్ని కెలికితే వాటితోపాటు ఇంకో వరస కూడా చేతికి తగులుతూ ఉంటుంది: మాలరీ టవర్స్. 1946 నుంచి 1951 వరకు ఏడాదికొకటి చొప్పున వచ్చిన ఆరు నవలలు. డబ్బున్న ఇంగ్లీషు కుటుంబాల ఆడపిల్లలు చదివే ఒక బోర్డింగ్ స్కూలు, అందులో స్నేహాలు, అలకలు, పోటీలు. పిల్లల పుస్తకాలే కదా అని పక్కన పెట్టేయడం తేలిక. కానీ ఆరింటినీ వరసగా చదివితే, కథ అడుగున ఒక లెక్క నడుస్తున్నట్టు కనిపిస్తుంది. తప్పు చేసిన పిల్లల్లో ఎవరికి మళ్ళీ అవకాశం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వక్కర్లేదు అనే లెక్క. నాకు ఈ నవలల్లో అన్నిటికన్నా ఆసక్తిగా, అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది అదే.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో, సముద్రం ఒడ్డున కొండ మీద నాలుగు బురుజుల బడి. రాళ్ళ మధ్య తవ్విన ఈతకొలనులోకి సముద్రపు నీళ్ళే వచ్చి నిండుతుంటాయి. పన్నెండేళ్ళ డారెల్ రివర్స్ మొదటి నవలలో రైలెక్కి ఆ బడికి వస్తుంది. ఆరో నవల చివర్లో, మొత్తం బడికే హెడ్ గర్ల్‌గా పనిచేసి, బయటికి వెళ్తుంది. కొత్తగా చేరిన పిల్లల్ని కూర్చోబెట్టి హెడ్‌మిస్ట్రెస్ మిస్ గ్రేలింగ్ చెప్పే మాటల సారాంశం ఏమిటంటే, మార్కులూ స్కాలర్‌షిప్పులూ మంచివేగానీ, పదిమంది నమ్మదగ్గ మంచి మనుషులుగా తయారవడమే ఈ బడి ఇచ్చే అసలు చదువని. ఆ మాటలు గుర్తుపెట్టుకోండి, వాటితో పనుంది.

బ్లైటన్‌కి ఆడపిల్లల స్నేహం గురించి బాగా తెలుసు. ఆ బడిలో స్నేహమంటే జంట. నడిచినా జంటగానే, కూర్చున్నా జంటగానే. జంట దొరకని పిల్లకి చోటు లేనట్టే. మొదటి నవల్లో డారెల్‌కి అలీసియా కావాలి. అలీసియా తెలివైనది, మాటకారి, అల్లరిలో ముందుండే పిల్ల. కానీ అలీసియాకి అప్పటికే బెట్టీ ఉంది. ముగ్గురైతే ఒకరు మిగిలిపోతారు. ఆ మిగిలిపోవడం ఎంత అవమానంగా ఉంటుందో బ్లైటన్ ఎక్కడా పెద్ద మాటలు వాడకుండా చెబుతుంది. మరోపక్క ఎవరితోనూ కలవకుండా బిగుసుకుని ఉండే సాలీ. ఇంట్లో చెల్లెలు పుట్టింది, తనని బడికి పంపేశారు. ఆ అసూయ మింగలేక తనకసలు చెల్లెలే లేదంటుంది. పన్నెండేళ్ళ పిల్ల మనసులో ఇంత మెలిక ఉంటుందని ఒప్పుకునే పిల్లల నవలలు ఆ రోజుల్లో ఎన్ని ఉంటాయి?

ఇక తప్పుల జాబితాకి వద్దాం. డారెల్‌కి కోపం ఎక్కువ. మేరీ లూ అనే పిరికిపిల్లని ఈతకొలనులో నీళ్ళలో ముంచి ఏడిపించిందని గ్వెండొలిన్‌ని చెంపలు వాయిస్తుంది. సాలీ మాట్లాడకపోతే ఆమెని తోసేస్తుంది. ఆ తర్వాత సాలీ జబ్బుపడితే తనవల్లేనేమోనని కుమిలిపోతుంది. అది అపెండిసైటిస్ అని తేలుతుంది, సర్జన్ అయిన డారెల్ తండ్రే ఆపరేషన్ చేస్తాడు. నాలుగో నవల్లో క్లాసుకి లీడర్‌గా ఉండి కూడా జూన్ అనే చిన్నపిల్లని పట్టుకుని కుదిపేస్తుంది. పదవి పోతుంది. తర్వాత తిరిగొస్తుంది. అంటే మన హీరోయిన్ నాలుగేళ్ళలో కనీసం మూడుసార్లు ఇంకో పిల్ల మీద చెయ్యి చేసుకుంది. ప్రతిసారీ నవల ఆ కోపాన్ని ఆమె గుణంలో ఒక భాగంగా, ఆమె గెలవాల్సిన యుద్ధంగా చూపిస్తుంది. మనం కూడా డారెల్ పక్షానే నిలబడి చదువుతాం.

రెండో నవల్లో డాఫ్నీ ఉంది. అందగత్తె. తనది బాగా ఉన్న కుటుంబమని గొప్పలు పోతుంది, నిజానికి తోటిపిల్లల పర్సులు కొట్టేస్తుంటుంది. అనుమానం మాత్రం స్కాలర్‌షిప్ మీద చదివే ఎలెన్ మీదికి వెళ్తుంది. డబ్బు లేని పిల్ల కాబట్టి దొంగ అయి ఉండాలి అన్నమాట. ఇలాంటి నవల్లో ఇది చిన్న విషయం కాదు. ఒక తుఫాను రాత్రి మేరీ లూ, డాఫ్నీకి సాయం చెయ్యాలని ఆమె పార్సిల్ పోస్టు చెయ్యడానికి వెళ్ళి కొండ అంచున చిక్కుకుంటుంది. డాఫ్నీ ప్రాణానికి తెగించి ఆమెని కాపాడుతుంది. ఆ పార్సిల్లో ఉన్నది తను కొట్టేసిన సొత్తే అని బయటపడినా, అందరి ముందూ ఒప్పుకున్న తర్వాత డాఫ్నీని బడిలో ఉండనిస్తారు.

మేరీ లూ సంగతీ అంతే. భయస్తురాలు. ఆమెలో ధైర్యం బయటికి తేవాలని డారెల్ మునిగిపోతున్నట్టు నటిస్తుంది. లైఫ్‌బెల్ట్ విసురుతుందిలే అని వేసిన ప్లాను. తీరా చూస్తే లైఫ్‌బెల్ట్ అక్కడ లేదు. మేరీ లూ బట్టలతోనే నీళ్ళలోకి దూకేస్తుంది. ఆ రోజు నుంచి ఆమె జట్టులో మనిషి.

ఇక గ్వెండొలిన్ మేరీ లేసీ. నిజాయితీగా మాట్లాడుకుంటే ఆమె చేసిన తప్పులు తక్కువేం కావు. మేరీ లూ ఫౌంటెన్ పెన్ను పగలగొట్టి ఆ నేరం డారెల్ మీదికి నెట్టాలని చూస్తుంది. పెద్దింటి పిల్లల వెంట పడుతుంది. పరీక్ష తప్పించుకోవడానికి గుండె జబ్బని నటిస్తుంది. కానీ ఆమె మీద నవలకున్న చులకన ఈ తప్పులతో మొదలవలేదు. మొదటి నవల్లో రైలెక్కే ముందు, ప్లాట్‌ఫాం మీద అమ్మ దగ్గర, గవర్నెస్ దగ్గర సెలవు తీసుకుంటూ ఏడుస్తుందే, అక్కడ మొదలైంది. అప్పటికి ఆమె ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు. అప్పటిదాకా ఇంట్లో గవర్నెస్ దగ్గర ఒంటరిగా చదువుకున్న పిల్ల, ఇంకో పదిమంది పిల్లలతో బతకడం ఎలాగో తెలియని పిల్ల. ఇంటిని వదిలి వెళ్తూ ఏడ్చింది. నవల ఆ ఏడుపుని నవ్వులాటగా చూపించి, ఈ పిల్ల ఇంతే అని మనకి చెప్పేస్తుంది.

ఆ తర్వాత ఆరేళ్ళూ అదే. చన్నీళ్ళలో ఈతంటే పడదు, ఆటలంటే పడదు, జుట్టు దువ్వుకోవడం ఇష్టం. బడి మొత్తానికీ ఆమె ఒక జోకు. చివరి నవల్లో స్విట్జర్లండ్‌లో ఫినిషింగ్ స్కూలుకి పంపమని తండ్రితో పోట్లాడుతుంది. తండ్రికి నిజంగానే పెద్ద జబ్బు చేస్తుంది. ఆయన బతుకుతాడుగానీ కోలుకోడు. గ్వెండొలిన్ బడి వదిలి, స్విట్జర్లండ్ మర్చిపోయి, ఉద్యోగం వెతుక్కోవాలి. దొంగ గుండెనొప్పికి అసలు జబ్బు జవాబన్నట్టు కథ ఈ రెండు చివర్లనీ ముడేస్తుంది. ఒక పద్దెనిమిదేళ్ళ పిల్లకి గుణపాఠం నేర్పడానికి రచయిత్రి ఆమె తండ్రిని మంచం పట్టించింది.

ఈ జాబితా పక్కన పెట్టుకుని చూస్తే లెక్క తేలుతుంది. కొట్టడం క్షమించదగ్గది. దొంగతనం క్షమించదగ్గది. పిరికితనం కూడా క్షమించదగ్గదే, ఒక్కసారి దూకి చూపిస్తే చాలు. ఒళ్ళు దాచుకోవడం, ఏడవడం, అమ్మ కొంగు వదలకపోవడం మాత్రం క్షమించదగ్గవి కావు. మిస్ గ్రేలింగ్ చెప్పే మంచితనానికి ఇక్కడ కొలత శరీరం. చన్నీళ్ళలోకి దూకగలవా, కొండ అంచున నిలబడగలవా, కళ్ళు తడవకుండా అమ్మకి టాటా చెప్పగలవా?

ఇది బ్లైటన్ సొంత క్రూరత్వం అనుకోను. మగపిల్లల పబ్లిక్ స్కూళ్ళు సామ్రాజ్యం నడపడానికి ఆఫీసర్లని తయారుచేసిన పద్ధతినే ఆడపిల్లల బోర్డింగ్ స్కూళ్ళు కూడా చాలావరకు తెచ్చిపెట్టుకున్నాయి: హౌసులు, ప్రిఫెక్టులు, ఆటలు, బాధ బయటికి కనపడనివ్వకపోవడం. పైగా ఈ నవలలు వచ్చింది యుద్ధం ముగిసిన వెంటనే. తిండికి, బట్టకి ఇంకా రేషనింగ్ నడుస్తున్న దేశంలో సొంత కష్టం గురించి ఏడవడం మర్యాద కాదు. గ్వెండొలిన్ ఆ మర్యాద పాటించని పిల్ల.

డబ్బు సంగతి కూడా ఉంది. చివరి నవల్లో జో అనే పిల్ల వస్తుంది. తండ్రి కొత్తగా డబ్బు చేసినవాడు, గట్టిగా అరిచి మాట్లాడతాడు, మర్యాద తెలియదు. జో, మేట్రన్ గదిలోంచి ఎవరికీ చెప్పకుండా డబ్బు తీసుకుని, ఒక చిన్నపిల్లని వెంటేసుకుని బడి నుంచి పారిపోతుంది. ఆమెని పంపించేస్తారు. చిన్నపిల్లని ప్రమాదంలోకి లాగడం తప్పే. కానీ పదేపదే దొంగతనం చేసిన డాఫ్నీ ఉండగలిగిన బడిలో జో ఉండలేకపోయింది. డాఫ్నీకి కనీసం పద్ధతిగా ఉండటం వచ్చు. జో తండ్రికి అదీ రాదు.

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పాలి. ఆరు నవలల్లో, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లల మధ్య, ప్రేమలు, పెళ్ళిళ్ళ గొడవ దాదాపు లేదు. చివర్లో డారెల్, సాలీ, అలీసియా, బెట్టీ సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీకి వెళ్తారు. బిల్, క్లారిసా అనే ఇద్దరమ్మాయిలు కలిసి గుర్రపుస్వారీ నేర్పే బడి పెట్టుకుంటారు. 1951లో ఒక పిల్లల రచయిత్రి ఆడపిల్లలకి ఇంత భవిష్యత్తు రాసిపెట్టడం గొప్ప సంగతి. ఈ పుస్తకాలు ఇన్నేళ్ళు బతకడానికి అర్ధరాత్రి విందులే కాదు, ఇదీ కారణం. ఆ భవిష్యత్తు అంత బాగుంది కాబట్టే, దాని గేటు దగ్గర ఎవర్ని ఆపేశారన్నది అడగాల్సి వస్తుంది.

అడగడానికి నాకు దగ్గరి కారణం ఉంది. మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. మొదటి రెండు నవలలు నేనే కొనిచ్చాను. ఒకరోజు వాళ్ళ క్లాసులో అమ్మాయి గురించి చెబుతూ, "అది ఒట్టి గ్వెండొలిన్, పిన్నీ" అంది. ఏం చేసిందని అడిగితే, "ఏం లేదు, ఊరికే ఏడుస్తుంది" అంది. పెన్ను పగలగొట్టిన గ్వెండొలిన్ కాదు దానికి గుర్తున్నది, ప్లాట్‌ఫాం మీద ఏడ్చిన గ్వెండొలిన్. నవల నేర్పిందే అది నేర్చుకుంది.

ఆ ఏడుపు మనకి కొత్తేమీ కాదు. నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో సముద్రమూ లేదు, ఈతకొలనూ లేదు. వారానికో పరీక్ష, ర్యాంకుని బట్టి సెక్షన్. సెక్షన్ మారితే పక్క బెంచీ స్నేహం కూడా మారేది. మొదటి నెలంతా దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేవాళ్ళు రూముకి ఇద్దరైనా ఉండేవాళ్ళు. ఇంటికి ఫోన్ చేస్తే, "మిగతా పిల్లలు ఉండట్లేదా?" అనేవాళ్ళు. కొన్ని వారాలకి మేమే ఆ మాట ఒకళ్ళతో ఒకళ్ళు అనడం మొదలుపెట్టాం. ఏడవని పిల్ల గట్టి పిల్ల, ఏడ్చే పిల్ల అడ్జస్ట్ కాలేని పిల్ల. కార్న్‌వాల్ కొండ మీది బడికీ మా బిల్డింగుకీ ఫీజులో, గాలిలో, తిండిలో ఎంత తేడా ఉన్నా, ఈ ఒక్క విషయంలో రెండూ ఒకటే. ఇల్లు గుర్తొచ్చి బాధపడటాన్ని రెండు చోట్లా ఆ పిల్ల లోపంగానే రాసుకున్నారు.

బ్లైటన్ తర్వాత ఈ తరహా కథ చాలా మారింది. 2004లో మొదలైన లిసి హారిసన్ సిరీస్ ద క్లిక్ చూడండి. న్యూయార్క్ దగ్గర వెస్ట్‌చెస్టర్‌లో డబ్బున్న ఆడపిల్లల ప్రైవేటు స్కూలు. మాసీ అనే పిల్ల స్నేహితురాళ్ళ బట్టలకి పదికి ఇన్ని మార్కులని వేస్తుంటుంది. ఫ్లోరిడా నుంచి వచ్చి వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో ఉండే క్లేర్ ఆ గుంపులో చోటు కోసం తంటాలు పడుతుంది. ఇక్కడ లోపలికి రావడానికి ఎంత ఖర్చవుతుందో బ్రాండు పేర్లతో సహా రాసి ఉంటుంది. చదువుతుంటే చిరాకేస్తుంది, కానీ మోసం లేదు. మాసీ తను నిన్ను మంచిమనిషిగా తయారుచేస్తున్నానని చెప్పదు. మాలరీ టవర్స్ చెబుతుంది. అందుకే పిల్లలు మాసీ తీర్పుని ఎదిరించగలరు, మాలరీ టవర్స్ తీర్పుని నమ్ముతారు.

ఈ పుస్తకాలు పిల్లలకి ఇవ్వొద్దని నేననను. ఇస్తూనే ఉంటాను. కాకపోతే చదివాక వాళ్ళతో ఒక్క ప్రశ్న మాట్లాడాలనిపిస్తుంది: గ్వెండొలిన్ చేసిన మొదటి తప్పు ఏమిటి? పెన్ను పగలగొట్టడం అంటే సరే, అక్కణ్ణుంచి మాట్లాడుకోవచ్చు. ఏడవడం అంటే మాత్రం మళ్ళీ మొదటి పేజీల దగ్గరికి వెళ్ళాలి. దూకగలిగిన పిల్లని మంచిమనిషిగా తయారుచెయ్యడం ఏ బడికైనా తేలికే. దూకలేని పిల్లతో ఆరేళ్ళు గడిపి ఏం చేశారన్నదే ఆ బడికి పెట్టాల్సిన పరీక్ష. అందులో మిస్ గ్రేలింగ్ బడి పాసవ్వలేదు.