జవాబు యంత్రానిది, ప్రశ్న ఎవరిది?

మా చంద్లాపూర్‌లో డిగ్రీ చదివే ఒక పిల్లగాడు 'మా ఊరు' అని ప్రాజెక్టు రాసి నాకు చూపించిండు. సిద్దిపేట జిల్లా, చిన్నకోడూరు మండలం, ఊరి పక్కన రంగనాయకసాగర్, దాని సామర్థ్యం 3 టీఎంసీలు, 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు వచ్చుడు - అన్నీ సరిగ్గనే ఉన్నయి. నీళ్లకింద ఎవరి భూములు పోయినయి? పట్టా ఎవరిది, అసైన్డు ఎవరిది, కౌలు ఎవరిది? ఆ చెలకల్లో కూలికి పోయిన ఆడోళ్లు తర్వాత పని ఎక్కడ వెతుక్కున్నరు? ఒక్క ముక్క లేదు. అడిగితే "చాట్ జీపీటీ గట్లనే ఇచ్చిందన్నా" అన్నడు. ఇంట్ల తాత ఉన్నడు. తాతను అడగలేదు.

ఈ వ్యాసంలో అబద్ధం లేదు. లేనిదల్లా వాడ. యంత్రం ప్రధానంగా రాతలోకెక్కినదాన్నే నేర్చుకుంటుంది. రాత ఇన్నాళ్లు ఎవరి చేతుల్లో ఉందో మనకు తెలియందా? వాడ నోటిమాటగా దాచుకున్నదాంట్లో అచ్చుకెక్కింది ఎంత?

2025లో వెల్లడైన ఒక సంగతి చూడండి. బెంగళూరులో ఒక దళిత పరిశోధకుడు ఫెలోషిప్ దరఖాస్తులో ఇంగ్లీషు దిద్దమంటే చాట్ జీపీటీ ఆయన ఇంటిపేరు తీసి 'శర్మ' అని పెట్టింది. దాన్ని బయటపెట్టిన ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక, ఖాళీలు పూరించమని 105 వాక్యాలిస్తే జీపీటీ-5 అందులో 80 చోట్ల కులపు మూస జవాబునే ఎంచుకుంది. ఆ పరిశోధకుడు మళ్లీ చదువుకున్నడు కాబట్టి తప్పు దొరికింది. చదవకుండ పంపేవాని సంగతేంది?

మైక్రోసాఫ్ట్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో 319 మంది ఉద్యోగుల అనుభవాలు సేకరించారు. యంత్రం మీద నమ్మకం ఎక్కువున్నచోట విమర్శగా ఆలోచించుడు తక్కువైంది. తమ మీద తమకు నమ్మకం ఉన్నచోట ఎక్కువైంది. వాళ్లు చూడని ప్రశ్న మనం వేయాలె: మన పిల్లలకు తమ మీద నమ్మకం లేకుండ చేసిందెవరు? 'నీకెందుకురా' అని నోరు మూయించిన తరగతి కాదా? మేం కూడా గైడు బట్టీపట్టే పాసైనం. ప్రశ్నను యంత్రం కొత్తగా చంపలేదు. చచ్చిన ప్రశ్న మీద నున్నటి భాష కప్పింది.

అందుకని నిషేధించమందామా? ఇంట్ల ఇంగ్లీషు దిద్దేవాళ్లున్న పిల్లలకు దానివల్ల పోయేదేం లేదు. ఇంటికి మొదటి చదువరి అయినవానికి, ఎన్నిసార్లడిగినా కసురుకోకుండ జవాబు చెప్పేది ఇప్పుడు అదొక్కటే. ఆ తలుపు మూస్తే నష్టం మనకే. కానీ భాష దిద్దుడు వేరు, భావం దిద్దుడు వేరు. 1936లో లాహోర్ సభకు రాసిన ప్రసంగంలో మార్పులు చేయమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. 'కులనిర్మూలన' పేరుతో తానే అచ్చు వేయించారు. దిద్దేవాడు ఏం దిద్దుతున్నడో చూసుకోవాలన్న పాఠం అందులో ఉంది.

ఉపాధ్యాయ మిత్రులారా, జవాబుకే కాదు, ప్రశ్నకు కూడా మార్కులెయ్యండి. యంత్రం ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో పక్కపక్కన రాయించండి. మా పిల్లగాన్ని నేను తాత దగ్గరికి పంపిన. రెండు రోజులకు నాలుగు పేజీలతో వచ్చిండు. అక్షరదోషాలు బాగనే ఉన్నయి. మా ఊరు కూడా ఉంది.