ఎవరికి సులభం?

2014లో తెలంగాణ సర్కారు టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది. స్వీయ ధ్రువీకరణ చాలు, భారీ పరిశ్రమకు 15 రోజుల్లో అనుమతి. 2016లో వ్యాపార సులభతర ర్యాంకుల్లో రెండు తెలుగు రాష్ట్రాలు మొదటి స్థానం పంచుకున్నయి. మంచిదే. కానీ ఈ గడువు ఎవరి కోసం?

జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలో అంతకు ముందు దశకంలో సెజ్ కోసం పోయిన భూముల్లో దళితుల అసైన్డ్ భూములున్నయి. 1977 చట్టం ప్రకారం ఆ భూమి అమ్ముకోనీకె లేదు, సర్కారు మాత్రం తీసుకోవచ్చు. అసైన్డుదారుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇయ్యాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లోనే చెప్పింది. ఆ పరిహారానికి 15 రోజుల గడువేది?

పెట్టుబడికి అనుమతి హక్కయింది, భూమి పోయినోనికి పరిహారం దయగా మిగిలింది. దళిత పారిశ్రామికులకు టీ-ప్రైడ్ రాయితీలున్నయి. అవి ఈ లోటును పూడ్చవు. సంస్కరణను ర్యాంకుతో గాదు, పరిహారం ఎన్ని రోజులకు చేతికందిందనే లెక్కతో కొలవాలె.