తువ్వాలు వేసి ఆపలేని సీటు

2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు సుమారు 14 లక్షల మంది. అడ్వాన్స్‌డ్ అనే ఐఐటీ ప్రవేశ పరీక్ష దాకా వచ్చి రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200. అర్హత సాధించినవాళ్లు 48,248. ఆ ఏడాది 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740. మెయిన్ రాసినవాళ్ల మీద లెక్క కడితే నూటికి ఒకరికి కాస్త పైన. అడ్వాన్స్‌డ్ రాసినవాళ్ల మీద కడితే దాదాపు నూటికి పదిమంది. సీట్లు అవే, పిల్లలూ వాళ్లే. ఎక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టామన్నదాన్ని బట్టి శాతం మారిపోతుంది. హార్వర్డ్ నూటికి ఐదుగురిని కూడా తీసుకోదని మనవాళ్లు ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. అక్కడా దరఖాస్తులు పెరిగేకొద్దీ శాతం కిందికి దిగుతుంది.

ఈ శాతాలు గుమ్మం ముందు గుంపు ఎంతుందో చెబుతాయి. లోపల ఉన్న కొద్దిపాటి సీట్లను ఏ న్యాయంతో పంచారో చెప్పవు. ఏటా ఫలితాల రోజున మన పత్రికలు, చానళ్లు ర్యాంకర్ల ఫొటోల దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత నెలరోజుల పాటు జరిగే జోసా కౌన్సెలింగ్, అంటే ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్రం నిధులతో నడిచే మరికొన్ని సంస్థల సీట్లను ఒకేసారి పంచే ప్రక్రియ, మన దేశంలో జరిగిన అతి చక్కని మేధోపనుల్లో ఒకటని నా నమ్మకం. దాన్ని దగ్గరగా చూడాలి.

దాని మూలం 1962 నాటి ఒక ఏడు పేజీల వ్యాసంలో ఉంది. డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు ‘అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ’ అనే పత్రికలో రాశారు. యేల్ విశ్వవిద్యాలయం ప్రవేశాల్లో పడుతున్న తిప్పల గురించి న్యూయార్కర్ పత్రికలో చదివి గేల్ ఈ ఆలోచనలో పడ్డాడు. కాలేజీ ఎంతమందిని పిలవాలి? పిలిస్తే ఎంతమంది వస్తారు? పిల్లవాడికి ఇంకో కాలేజీ మీద మనసుంటే ఈ సీటు ఏం కావాలి? ఆ ప్రశ్నలకు వాళ్లిచ్చిన జవాబులో సమీకరణాలు లేవు. మామూలు మాటల్లో నడిచిన తర్కం అది. యాభై ఏళ్ల తర్వాత, 2012లో, షేప్లీకి ఆల్విన్ రాత్‌తో కలిపి అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. గేల్ అప్పటికే లేడు.

పద్ధతి ఇదీ. ప్రతి విద్యార్థీ తన జాబితాలో మొదటి సీటును అడుగుతాడు. ప్రతి కోర్సూ తనను అడిగినవాళ్లను ర్యాంకు వరసలో పేర్చి, తన దగ్గరున్న సీట్ల మేరకు పైవాళ్లను అట్టేపెట్టుకుని మిగతావాళ్లను పంపేస్తుంది. కాదనిపించుకున్నవాళ్లు తమ జాబితాలో తర్వాతి సీటు దగ్గరికి వెళతారు. అక్కడ వాళ్ల ర్యాంకు మెరుగైతే, అప్పటికే అక్కడున్న ఒకరు లేవాల్సి వస్తుంది. లేచినవాళ్లు తమ జాబితాలో మరో మెట్టు దిగుతారు. ఇక ఎవరూ కదలనవసరం లేని స్థితి వచ్చేదాకా ఇది సాగుతుంది. అప్పటిదాకా ఏ సీటూ ఎవరిదీ కాదు.

మన ఊళ్లలో ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం. గేల్, షేప్లీల పద్ధతిలో ఆ తువ్వాలు చెల్లదు. ముందొచ్చామా, వెనకొచ్చామా అన్న లెక్కే లేదు. హక్కు ఉన్నవాడు పదో ప్రయత్నంలో వచ్చి అడిగినా సీటు అతనిదే. విద్యార్థులను ఏ వరసలో పిలిచినా చివరికి తేలే జాబితా ఒక్కటే. ఎవరికీ న్యాయమైన ఫిర్యాదు మిగలని పంపకాలు ఒకటికి మించి ఉన్నాయనుకున్నా, వాటన్నిటిలో ప్రతి విద్యార్థికీ మేలైనది ఏదో ఈ పద్ధతి దానినే పట్టుకుంటుంది. ఒకరికి మేలు చేయడానికి ఇంకొకరికి కోత పెట్టి కాదు, అందరికీ ఒకేసారి. మొదటిసారి ఈ నిరూపణ చదివినవాళ్లకు ఇంత మంచి ఫలితం ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందా అనిపిస్తుంది.

దీని నుంచే ఇంకో గుణం పుడుతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. ఈ పద్ధతిలో అబద్ధం చెప్పి బాగుపడటం సాధ్యం కాదు. తొమ్మిది వేల ర్యాంకు వచ్చిన ఒక అమ్మాయికి ఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ కావాలి. రాదని తెలుసు. దాన్ని మొదట పెట్టి, తనకు వచ్చేలా ఉన్న కోర్సును ఇరవయ్యో స్థానంలో పెడితే అక్కడ వెనకబడిపోతానని భయం. ఆ భయానికి ఇక్కడ తావులేదు. పందొమ్మిది చోట్ల కాదనిపించుకుని ఇరవయ్యో చోటికి వచ్చినా, అక్కడ చూసేది ఆమె ర్యాంకునే. దాన్ని మొదట రాసుకున్నవాడికి ఆ కారణంగా ఏ మొగ్గూ ఉండదు.

అన్ని పద్ధతులూ ఇలా ఉండవు. అమెరికాలోని బోస్టన్ నగరంలో ప్రభుత్వ బడుల ప్రవేశాలు 2005 దాకా వేరే తీరులో నడిచాయి. బడిని మొదటి ఎంపికగా రాసినవాళ్లకే అక్కడ ముందు సీటు. కోరుకున్న మంచి బడిని మొదట రాసి అది తప్పిపోతే, రెండో బడి అప్పటికే నిండిపోయేది. లోగుట్టు తెలిసిన తల్లిదండ్రులు లెక్కలు వేసుకుని రాసేవాళ్లు. తెలియనివాళ్లు మనసులో మాట రాసి నష్టపోయేవాళ్లు. చివరికి ఆ నగరం కూడా గేల్, షేప్లీల దారికే వచ్చింది. పోటీ ఎంత తీవ్రమైతే నిజం చెప్పేవాడికి రక్షణ అంత అవసరం.

ఇక మన దేశం సంగతి. 2015కు ముందు ఐఐటీల సీట్ల పంపకం వేరు, ఎన్ఐటీల పంపకం వేరు. ఒకే విద్యార్థి చేతిలో రెండు సీట్లు ఉండేవి. ఒకదాంట్లో చేరితే రెండోది ఖాళీ. తరగతులు మొదలయ్యాక బయటపడే ఆ ఖాళీ కోసం ఒక ర్యాంకు కింద ఎవరో ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. 2015లో ఆ రెండు పంపకాలనూ కలిపారు. ఆ పని చేసినవాళ్లలో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన సురేందర్ బస్వానా, ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన పార్థ ప్రతిమ్ చక్రబర్తి, ఐఐటీ బాంబేకు చెందిన శరత్ చంద్రన్, కొలంబియా విశ్వవిద్యాలయంలోని యశ్ కనోరియా, ఉత్కర్ష్ పటాంగే ఉన్నారు. తాము చేసిన పనిని 2019లో ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గడప తొక్కిన ప్రతి ఇంట్లోనూ వీళ్ల పేర్లు తెలిసి ఉండాల్సింది.

కలపడం మాటల్లో తేలిక. ఐఐటీలు చూసేది అడ్వాన్స్‌డ్ ర్యాంకు, ఎన్ఐటీలు చూసేది మెయిన్ ర్యాంకు. ఒకే విద్యార్థికి రెండు వరసల్లో రెండు స్థానాలు. గేల్, షేప్లీల పద్ధతికి ఇది అడ్డంకే కాదు, ఎందుకంటే ప్రతి కోర్సుకూ సొంత వరస ఉండవచ్చని అది మొదటే ఒప్పుకుంది. అసలు చిక్కు మన రిజర్వేషన్ల దగ్గర ఉంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఆ రాష్ట్రం ఏదో ఇంటర్ ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో ఇంటర్ చదివిన గుంటూరు పిల్లవాడికి సొంత రాష్ట్రపు ఎన్ఐటీ అంటే వరంగల్, తాడేపల్లిగూడెం కాదు. కేటగిరీ రిజర్వేషన్లు, ఈ సొంత రాష్ట్రం కోటా కలిసేసరికి బయటికి ఒక్కటిగా కనిపించే కోర్సు లోపల ఎన్నో చిన్న కోర్సులుగా విడిపోతుంది. ఓబీసీ విద్యార్థి ఒక కోర్సును కోరితే, యంత్రం అతని తరఫున ముందు ఓపెన్ సీటు అడిగి, అది రాకపోతేనే ఓబీసీ సీటు అడుగుతుంది. ఓపెన్‌లో నెగ్గుకొచ్చినవాడు రిజర్వు సీటును వాడుకోడు. ఆ సీటు దాని అవసరం ఉన్న ఇంకొకరికి మిగులుతుంది. సామాజిక న్యాయ సూత్రం ఒకటి ఇక్కడ రెండు ప్రశ్నల వరసగా మారిపోయింది.

ఒక కోర్సులో ఓబీసీ సీటు ఎవరూ కోరక మిగిలిపోతే అది ఓపెన్‌లోకి వెళ్లాలన్నది నియమం. ఎస్సీ, ఎస్టీ సీట్లను అలా మార్చరు. అంతా అయ్యాక, మిగిలిన సీటును వరసలో తర్వాతివాడికి ఇచ్చేస్తే పోదా? పోదు. అంతకంటే మంచి ర్యాంకు ఉండి, ఆ సీటునే కోరుకుని, అది దొరకక వేరేచోట కుదురుకున్నవాడికి అన్యాయం జరుగుతుంది. అతన్ని ఇటు జరిపితే అతను వదిలిన సీటు కోసం మరో గొలుసు మొదలవుతుంది. ఈ బృందం కనిపెట్టిన ఉపాయం ఎంతో నిరాడంబరంగా ఉంటుంది. మొత్తం ఒకసారి నడిపి, మిగిలిన సీట్లెన్నో చూసి, అన్నింటిని ఓపెన్ లెక్కలో కలిపి, మళ్లీ మొదటినుంచి నడపడం. కొత్తగా మిగిలితే మళ్లీ కలిపి మళ్లీ నడపడం. ఇక ఏమీ మిగలనప్పుడు ఆగడం. అసలు ప్రోగ్రామును ముట్టుకోనక్కర్లేదు, దానికి ఇచ్చే పట్టిక మాత్రమే మారుతుంది. వేలాదిమంది భవిష్యత్తు ఆధారపడిన ప్రోగ్రాములో ఒక్క వాక్యం మార్చాలన్నా భయపడాలి. ఆ భయం ఉన్నవాళ్లే ఇలాంటి పరిష్కారం ఆలోచిస్తారు. అదే నిజమైన పనివాడి గుర్తు అంటాను.

పంపకం సాగే రౌండ్ల సంగతి కూడా అంతే. సీటు వచ్చినవాళ్లంతా చేరరు. కొందరు బిట్స్‌కి పోతారు, కొందరు మళ్లీ ఏడాది కూర్చుని చదువుతారు. ఆ ఖాళీలను నింపాలి, కానీ ఇప్పటికే సీటు ఒప్పుకున్నవాడి చేతిలోది జారిపోకూడదు. ఇక్కడా పరిష్కారం మొదటినుంచి నడపడమే. పోటీలోంచి కొందరు తప్పుకుంటే మిగిలినవాళ్లకు ఉన్నదే రావచ్చు, మెరుగైనది రావచ్చు, తక్కువది మాత్రం రాదు. పిల్లలకు తెలిసిన ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అనే మూడు మీటలు దీని మీదే నిలబడ్డాయి. ఫ్రీజ్ నొక్కినవాడు ఇది చాలంటున్నాడు. ఫ్లోట్ అంటే పైన ఏది వచ్చినా తీసుకుంటానని. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో మంచి బ్రాంచి వస్తే చాలని. మూడూ కలిసి యంత్రానికి చెప్పేది ఒక్కటే, ఈ విద్యార్థి జాబితాలో ఇంకా ఏ వరసలు బతికి ఉన్నాయన్నది.

ఐఐటీల్లో నూటికి పదిమంది లోపే ఉన్న అమ్మాయిల సంఖ్య పెంచాలని 2018లో అదనపు సీట్లు సృష్టించినప్పుడు కూడా ఇదే జాగ్రత్త కనిపించింది. మిగతావాళ్లకు ఉన్న సీట్లు తగ్గించకుండా పైనుంచి కలిపారు. మొదటి ఏడు లక్ష్యం 14 శాతం, మరుసటి ఏడు 17, 2020 నాటికి 20. చివరి సీటు దగ్గర ఇద్దరికి ఒకే ర్యాంకు ఉంటే చీటీ తీయరు, ఒక సీటు పెంచి ఇద్దరికీ ఇస్తారు.

ఈ పనిని పరీక్షించడానికి పండితులు అక్కర్లేదన్నది నన్ను మరీ మెప్పించే విషయం. ప్రతి రౌండు తర్వాత ప్రతి కోర్సుకూ మొదటి ర్యాంకు, చివరి ర్యాంకు బయటపెడతారు. పిల్లవాడు పైన రాసుకున్న ఒక సీటు, అదే కోటాలో, అదే కేటగిరీలో, అమ్మాయిలకు విడిగా ఉన్న సీట్లు కాకుండా, తనకంటే వెనక ర్యాంకు వాడికి వెళ్లిందేమో పదో తరగతి చదివిన తండ్రి కూడా చూసుకోవచ్చు. అలాంటిది ఒక్కటి కనిపించినా పంపకం తప్పినట్టే. తన తప్పును పట్టుకునే ఆధారాన్ని తానే అందరి చేతికీ ఇచ్చే వ్యవస్థలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి?

ఈ నైపుణ్యం ర్యాంకు వచ్చాక మొదలవుతుంది. ఆ ర్యాంకు వెనక ఎవరి ఫీజు ఎంత, ఎవరి హాస్టల్ గది ఎంత ఇరుకు, ఎవరి ఊళ్లో ఫిజిక్స్ మాస్టారు లేడు అన్నవి దానికి తెలియవు, తెలియవలసిన పని దానికి అప్పగించలేదు. పదిహేడు వేల సీట్లను అది లక్ష చేయలేదు. ఒకటి మాత్రం మన చేతిలో ఉంది. ఐఐటీలకు, ఎన్ఐటీలకు మధ్య 2015లో తీరిన చిక్కు, జోసాకు, మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు మధ్య ఇంకా అలాగే ఉంది. రెండు చోట్లా సీటు పట్టుకున్న విద్యార్థి ఏదో ఒకచోట ఖాళీ వదులుతూనే ఉన్నాడు. దారి కనిపెట్టి, దశాబ్దం నడిపి చూపించిన దేశంలో ఈ చిక్కు మిగలనక్కర్లేదు. మన ఉన్నత విద్యామండళ్లు దీని మీద కూర్చోవాలి.

ఈ ఏడాది ఆప్షన్లు పెట్టబోయే పిల్లలకు ఒక మాట. ఫలానా కాలేజీని పైన పెడితే కిందిది పోతుందని ఎవరు చెప్పినా, డబ్బు తీసుకుని చెప్పినా, నమ్మకండి. మీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో దాన్ని మొదట రాయండి, దాని తర్వాతిది రెండోది, అలా మనసులో ఉన్న వరసలోనే చివరిదాకా వెళ్లండి. వీలైనన్ని ఎక్కువ రాయండి. మిగతా లెక్క ఆ యంత్రం మీ తరఫున చేస్తుంది.