గడప మీద కూసోవద్దన్నది గందుకేనా?

సినిమా హాల్లో మాట్లాడేవాళ్ళంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. చీకట్లో వెలిగే ఫోన్ల మీద, వెనక సీట్లోంచి ముందే కథ చెప్పేవాళ్ళ మీద ఇదే చోట ఎన్నోసార్లు రాశాను. ఒక ఆదివారం కరీంనగర్‌లో 'మహావతార్ నరసింహ' చూస్తుంటే పక్క సీట్లో అవ్వ మొదటి పది నిమిషాల్లోనే మాటలు మొదలుపెట్టింది. చిరాకేసింది.

ఆమె ఒళ్ళో ఆరేళ్ళ మనవరాలు. త్రీడీ అద్దాలు పెద్దవాళ్ళ కొలతవి. పిల్ల ముక్కు మీంచి జారిపోతుంటే అవ్వ వెనక నుంచి చెవుల దగ్గర రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది. తన అద్దాలను మాత్రం నుదుటి మీదికి ఎత్తేసింది. అవి లేకుండా చూస్తే బొమ్మ రెండుగా చెదిరి కనిపిస్తుంది. ఆమెకు ఆ పట్టింపు లేదు. హిరణ్యకశిపుడి కథంతా ఆమెకు నోటికొచ్చు.

"అవ్వా, గాయిన ఎందుకు సస్తలేడు?"

"వరం దీసుకున్నడు బిడ్డా. మనిషి సంపొద్దు, జంతువు సంపొద్దు. పగలు సావద్దు, రాత్రి సావద్దు. ఇంట్ల సావద్దు, బయట సావద్దు."

"మరెట్ల?"

"సూడు. పొద్దుగూకంగ, గడప మీద."

పిల్ల కాసేపు ఊరుకుంది. "నన్ను గడప మీద కూసోవద్దంటవ్, గందుకేనా?"

"గందుకే."

అశ్విన్ కుమార్ తీసిన ఈ సినిమా 2025 జులై 25న, సరిగ్గా శ్రావణమాసం మొదలైన రోజున వచ్చింది. బొమ్మల సినిమా అంటే పిల్లల్ని కూర్చోబెట్టి పెద్దలు ఫోన్లు చూసుకునే వ్యవహారమని మనవాళ్ళకు ఒక తేలిక భావం. ఈసారి మాత్రం ఇంటిల్లిపాదీ కదిలారు. మా ముందు వరసలో ఒక పెద్దమనిషి చెప్పులు విప్పి సీటు కిందికి తోసి, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఇందులో వింతేముంది! అవతల ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్నాడు. ఆయన మీద శతకం చెప్పిన శేషప్ప ఆ ఊరివాడే. మా దిక్కు ఏ వాడకట్టుకు పోయినా ఒక నర్సయ్య, ఒక నర్సవ్వ పలుకుతారు. ఏరు దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి ఇళ్ళలోనూ ఇవే పేర్లు.

తెలుగులో మొదటి టాకీ కూడా ఈ కథే. హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. 1967లో ఏవీఎం వాళ్ళు మళ్ళీ తీశారు. అందులో ఎస్వీ రంగారావును చూసినవాళ్ళ కంటికి ఇంకో హిరణ్యకశిపుడు ఆనడు. నేనూ ఆ జట్టువాణ్ణే. ఈ బొమ్మల హిరణ్యకశిపుడి ముఖం మొదటి సగంలో కొయ్యలా బిగుసుకుని ఉంది. పెదవులు ఒకటంటే మాట ఇంకొకటి అంటుంది. పైగా డబ్బింగ్ తెలుగు. ఏ ఊళ్ళోనూ ఎవరూ మాట్లాడని ఆ తెలుగు మీద నా పాత కోపం సంగతి మళ్ళీ చెప్పనక్కర్లేదు. స్తంభం పగిలాక మాత్రం వేరు. ఆ చివరి ఘట్టం నిజంగా గొప్పగా ఉంది. జూలు, గోళ్ళు, ఆగని ఆ కోపం చూస్తుంటే నాకు మా ఊరి చిందు భాగవతం గుర్తొచ్చింది.

కోతలయ్యాక చిందోళ్ళు వచ్చేవాళ్ళు. మాదిగవాడ ముందరి ఖాళీ జాగాలో ఆట. రాత్రి బువ్వ తిన్నాక మొదలైతే తెల్లారేదాకా. మధ్యాహ్నం నుంచే మేం పిల్లలం వాళ్ళ విడిది చుట్టూ తిరిగేవాళ్ళం. రాతి మీద అర్దళం నూరి, ఆ పచ్చటి రంగు ముఖానికి దట్టంగా పట్టించేవాళ్ళు. నుదురు, చెంపలు, గదవ ఒకటే పసుపు. పొద్దున మా ఇంటి ముందు చల్ల అడిగి తాగిన మనిషి ఆ పసుపు కింద మాయమయ్యేవాడు. కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, గజ్జెలు బిగించి లేచి నిలబడితే ఆయన్ని పేరుతో పిలవడానికి మాకు నోరొచ్చేది కాదు. ఇద్దరు మనుషులు ధోవతి అడ్డం పట్టుకునేవాళ్ళు. దాని వెనక హిరణ్యకశిపుడి అడుగులు. మద్దెల, తాళం, హార్మోనియం. ధోవతి దించగానే ముందు వరసలో పిల్లలం లేచి తల్లుల కొంగుల్లోకి ఉరికేవాళ్ళం.

పద్యాల్లో సగం మాకు తెలిసేది కాదు. అక్కడే బుడ్డర్‌ఖాన్ వచ్చేవాడు. చిందు ఆటలో హాస్యగాడు ఆయనే, మాకు అర్థం చెప్పేవాడూ ఆయనే. రాజుగారు పద్యం ఎత్తి ఆపగానే బుడ్డర్‌ఖాన్ మా మాటలో అడిగేవాడు: నీ కొడుకు చెప్పేదేంది, నువ్వు తన్నేదేంది? రాజు జవాబు చెప్పాల్సిందే. అరుగుల మీదోళ్ళూ మధ్యలో అందుకునేవాళ్ళు. ఒకామె ప్రహ్లాదుడికి విషం ఇచ్చే ఘట్టంలో లేచి, ఆ పాత్రధారినే నిలబెట్టి తిట్టింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. ఆట ఆగి, ఆమె కూర్చున్నాక మళ్ళీ నడిచింది.

హాలు బయటికొచ్చాక నాకు తట్టిందిది. తెర మీద మనకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అభిమానుల ఈలలు లేవు, ఫలానా హీరో అన్న ఎరుక లేదు. అర్దళం చేసిన పనే ఇక్కడ కంప్యూటర్ చేసింది. ఆ ఆరేళ్ళ పిల్ల చూసింది నటుణ్ణి కాదు, హిరణ్యకశిపుణ్ణే. సినిమా వాళ్ళు ఇవ్వలేకపోయింది బుడ్డర్‌ఖాన్‌ను. ఆ లోటు పక్క సీట్లోంచి అవ్వ పూడ్చింది. స్టూడియో తెలుగును కరీంనగర్ మాటలోకి, వైకుంఠాన్ని ఇంటి గడపలోకి దించింది. పెద్దవాళ్ళ సినిమాల్లో నిశ్శబ్దం కావాలనే ఇప్పటికీ అంటాను. ఇంటిల్లిపాదీ చూసే బొమ్మల సినిమాకు మాత్రం ఆ చట్టం చెల్లదు. ఇక్కడ ఆ మాట కూడా ఆటలో భాగమే. టార్చిలైటు వేసి "నిశ్శబ్దం" అనే కుర్రవాడు ఆట చెడగొడుతున్నట్టే లెక్క.

ఈ వరసలో మరిన్ని అవతారాలు తీస్తామని, తర్వాతిది పరశురాముడి కథ అని, అది 2027లో వస్తుందని నిర్మాతలు ప్రకటించారు. తండ్రి మాట మీద తల్లి తల నరికిన కొడుకు కథ అది. పురాణంలో ఆ తల్లి రేణుక, మన ఊళ్ళలో ఎల్లమ్మ. పిల్ల ఊరుకుంటుందా? "అమ్మను ఎందుకు సంపిండు?" అని అడుగుతుంది. దానికి డబ్బింగ్ రాసేవాళ్ళ దగ్గర జవాబుండదు. జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళ దగ్గర ఉంది. ఆ కథలు రాత్రంతా కూర్చుని విన్న మన ఇళ్ళ ముసలివాళ్ళ దగ్గర ఉంది. ఆ సినిమా వచ్చేలోగా మా జిల్లా హాళ్ళవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ఆదివారం పొద్దున ఒక ఆట వేయండి. లైట్లు పూర్తిగా ఆర్పకండి, సౌండు కాస్త తగ్గించండి, చిన్నపిల్లల కొలత అద్దాలు తెప్పించండి. మాట్లాడుకోవచ్చని గేటు దగ్గరే బోర్డు పెట్టండి.