ఆమ్లజని, నత్రజని: సంస్కృత ధాతుజన్య పారిభాషిక పదాల వ్యవహార పరిశీలన

ఆధునిక శాస్త్రభావాలకు తెలుగులో పదాలు కల్పించినవారు ఎక్కువగా సంస్కృత ధాతువులను ఆశ్రయించారు. ఇటువంటి పదాలు అర్థస్ఫుటమైనవని కొందరు సమర్థిస్తే, సామాన్యునికి కొరుకుడుపడవని మరికొందరు ఆక్షేపించారు. ఈ రెండు వాదాలూ పదనిర్మాణానికే పరిమితమయ్యాయి. పదం ఎవరి నోట, ఏ పనిలో నిలిచిందన్న ప్రశ్నకు వాటిలో తగిన చోటు దక్కలేదు.

ఆమ్లజని, నత్రజని అనే జంటను పరిశీలిస్తే ఈ లోపం తెలుస్తుంది. రెండింటిలోనూ ఉత్తరపదం 'జన్' ధాతువు నుండి వచ్చినదే. 'పుట్టించేది' అన్న అర్థంలో దానిని గ్రహించారు. ఆమ్లజనిలో పూర్వపదం కూడా సుబోధకమే. 'నత్ర' అలా కాదు. అది 'నైటర్' ధ్వనిని తలపిస్తుందే తప్ప చదువరికి తెలిసిన అర్థమేదీ ఇవ్వదు. అర్థస్ఫుటత్వమే మన్నికకు కారణమైతే ఆమ్లజని నిలిచి, నత్రజని మరుగున పడాలి. జరిగింది ఇందుకు విరుద్ధం. నేటి వ్యవహారంలో ఆమ్లజని స్థానాన్ని ఆక్సిజన్, ప్రాణవాయువు ఆక్రమించాయి. నత్రజని మాత్రం ఎరువుల వాడకంతో ముడిపడి రైతు వ్యవహారంలో స్థిరపడింది. 'నత్రజని, భాస్వరం, పొటాష్' అనే వరుసలో మొదటి రెండూ సంస్కృతచ్ఛాయ గలవి, మూడవది ఆంగ్లం. ఆ భేదం రైతుకు అడ్డు కాలేదు.

అర్థస్ఫుటత్వానికి మరొక పరిమితి ఉంది. ఆమ్లాలన్నింటికీ ఆక్సిజనే మూలమని 18వ శతాబ్దంలో లావోయిజర్ భావించాడు. ఆ భావనతో ఏర్పడిన పేరుకు ఆమ్లజని యథాతథ అనువాదం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తరువాత తేలింది. అంటే వ్యుత్పత్తిని నమ్మి అర్థం గ్రహించిన విద్యార్థికి ఆ పదం కాలం చెల్లిన సిద్ధాంతాన్నే బోధిస్తుంది. ప్రాణవాయువుకూ చిక్కు లేకపోలేదు; పంచప్రాణాలలో ఒకదానికి అది పూర్వమే పేరు. అయినా ఊపిరితో గల సంబంధం వల్ల లోకం దానిని స్వీకరించింది.

ఈ పరిశీలన సంస్కృత పదకల్పనను తిరస్కరించడానికి కాదు. పదం శుద్ధమా, సంకరమా అన్న విచికిత్స కంటే దానికి పని కల్పించడం ముఖ్యమని చెప్పడానికి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మొదలుకొని పారిభాషిక పదకోశాల కృషి విలువైనది. ఇకపై వెలువడే కోశాలు ప్రతి పదానికీ వ్యుత్పత్తితో పాటు వ్యవహార క్షేత్రాన్ని కూడా నమోదు చేయాలి. అప్పుడే తెలుగు మాధ్యమ విద్యార్థి పరీక్షతో మరచిపోయే పదమేదో, జీవితంలో వాడుకునే పదమేదో పాఠ్యరచయితకు తెలుస్తుంది.