రాజేశ్వరికి పెట్టిన పేరు, అమీర్‌కి పెట్టని పేరు

కాజీపేటలో మా ఇంట్లో నెలకోసారి నలుగురైదుగురు ఆడవాళ్ళం కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈ మధ్య చలం ‘మైదానం’ (1927) వంతు వచ్చింది. సైకాలజీ చదువుతున్న అమ్మాయి “రాజేశ్వరిది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్” అంది. ముందూ వెనకా చూడకుండా తెగించటం, ప్రేమించినవాడే లోకమనుకోవటం, అతను దూరమైతే తల్లడిల్లటం అంటూ లక్షణాలు లెక్కపెట్టింది. అప్పటిదాకా హుషారుగా ఉన్న ఒకామె మౌనంగా అయిపోయింది. కాసేపటికి “గదే మాట మా ఆయన విడాకుల కాయితంల రాయించిండక్కా” అంది. అప్పటికి ఏ డాక్టరూ ఆమెను చూడలేదు.

ఆ రాత్రి ‘మైదానం’ మళ్ళీ చదివాను, ఈసారి అమీర్‌ని చూస్తూ. రాజేశ్వరిని నెత్తిన పెట్టుకున్న అమీరే మరో అమ్మాయి కోసం వెర్రెత్తిపోతాడు. ఆ అమ్మాయిని ఒప్పించే పని రాజేశ్వరి మీదే పడుతుంది. ఆమెకు గర్భం వస్తే భరించలేక వదిలి పోతాడు, మళ్ళీ వస్తాడు. చివరికి తనను తానే పొడుచుకుని చనిపోతాడు. హత్యానేరాన్ని రాజేశ్వరి తన మీద వేసుకుంటుంది. లక్షణాలు లెక్కపెట్టడమే విమర్శ అయితే ఆ లెక్క అమీర్ దగ్గర మొదలుకావాలి. మనం మాత్రం అతనిది మోహోద్రేకం అన్నాం, ఆమెది జబ్బు అన్నాం.

అమీర్‌కి జబ్బు అంటగట్టాలని కాదు నా ఉద్దేశం. ఒకే రకం ప్రవర్తన మగవాడిలో ప్రేమగా, ఆడదానిలో రోగంగా ఎందుకు కనిపిస్తుందన్నది నా ప్రశ్న. వైద్యశాస్త్రమూ ఈ చూపుకి అతీతం కాదు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి ఎక్కిన ఈ రుగ్మత ఉన్నవాళ్ళలో మూడు వంతుల మంది స్త్రీలేనని అదే సంస్థ 1994లో రాసింది. 2008లో వచ్చిన, సుమారు 35 వేలమందితో చేసిన అమెరికా సర్వేలో స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పేరు మోస్తున్న ఎందరో స్త్రీల వెనక చిన్ననాటి హింస ఉందని జుడిత్ హెర్మన్ 1992లోనే రాసింది.

మన దగ్గర ఈ పేరు కోర్టుకి కూడా వెళ్తుంది. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. అయితే జబ్బు పేరు చెప్తే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత రుజువు కావాలి. ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఒక డాక్టర్ల జంట కేసులో భార్యకు స్కిజోఫ్రెనియా అన్న భర్త వాదనను 2013లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కానీ తీర్పు వచ్చేదాకా ‘పిచ్చిది’ అన్న మాటను మోసేది ఆ ఆడమనిషే.

ఇక్కడితో ఆపేస్తే నా వ్యాసం సుఖంగా ముగిసేది. మా స్నేహితురాలు ఆపనివ్వలేదు. మర్నాడు ఫోన్ చేసి, “ఆయన రాయించింది కుట్రనే. గానీ అక్కా, ఆయన ఫోనెత్తకపోతే నాకు ప్రాణం పోయినట్లయితది. పొద్దున దేవుడనుకున్నోణ్ణి సాయంత్రం చంపాలనిపిస్తది. నన్ను నేను గాయపర్చుకున్న రోజులున్నయి. అది గూడ అబద్ధమేనా?” అని అడిగింది.

అబద్ధం కాదు. ఆ పేరుని మగవాళ్ళు ఆయుధం చేసుకున్నారు కదా అని ఆమె బాధను మనం కొట్టిపారేస్తే, అదీ ఆమె మాట వినకపోవటమే. అలాగే భాగస్వామి కోపాన్నీ బెదిరింపులనూ భరిస్తున్న మనిషి, ఆడైనా మగైనా, పడే అలసటా నిజమే. ఈ రుగ్మతకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన మార్షా లినెహన్, తానూ చిన్న వయసులో ఆస్పత్రిపాలై ఇదే నరకం అనుభవించానని 2011లో బయటపెట్టింది. ఉద్వేగం ముంచెత్తినప్పుడు తట్టుకుని నిలబడటం నేర్పే చికిత్స అది. ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లో ఎక్కువమందికి లక్షణాలు తగ్గాయి.

పేరు ఎవరు పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అన్నదే తేడా. వదిలించుకోవటానికి పెట్టిన పేరు వేరు, బాగుపడటానికి తనకు తాను వెతుక్కున్న పేరు వేరు. రాజేశ్వరి తన కథను తన నోటితోనే చెప్పుకుంది. మా స్నేహితురాలు కోర్టులో ఆ కాయితాన్ని ఎదుర్కుంటూనే, వరంగల్‌లో ఒక డాక్టర్ దగ్గరికి తనంతట తనే వెళ్తోంది. ఈ రెండు పనులకీ మధ్య వైరుధ్యం లేదని ఆమెను చూశాకే నాకు అర్థమైంది.